పాత ఫాంట్ల కన్వర్టర్ ఆగిపోయింది, మళ్లీ నడిపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. మీరు భీమవరంలో బీటెక్ చేసి, ఇప్పుడు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నారు. అను, శ్రీలిపి లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన మ్యాటర్‌ను ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ వాడే యూనికోడ్‌లోకి మార్చే ఓపెన్ సోర్స్ కన్వర్టర్ ఒకటి మీ సీనియర్లు కాలేజీలో ఉండగా పైథాన్ 2 భాషలో రాశారు. మూడేళ్లుగా ఒక్క కమిట్ (కోడ్‌లో నమోదైన మార్పు) లేదు. నలభైకి పైగా ఇష్యూలు (వాడేవాళ్లు రాసిన ఫిర్యాదులు, కోరికలు) తెరిచే ఉన్నాయి, పుల్ రిక్వెస్టులు (కలుపుకోమని బయటివాళ్లు పంపిన కోడ్ మార్పులు) వచ్చి పడి ఉన్నాయి, మొదట రాసినాయన అమెరికాలో ఉన్నారు, మెయిల్ పెడితే పలకలేదు. "మొత్తం రస్ట్ భాషలో మళ్లీ రాసి, మంచి వెబ్‌సైట్ పెట్టి, కాలేజీ పిల్లల్ని చేర్చుకుని నడుపుదామనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడిగారు.

రస్ట్ దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. ఎందుకో కిందకి వెళ్లాక చెబుతాను. నేను రాజమండ్రిలో ఉంటూ చాలా ఏళ్లుగా ఇలాంటి చిన్నా చితకా ప్రాజెక్టులు చూసుకుంటున్నాను. ఇంకొకరు వదిలేసినవి నెత్తికెత్తుకోవడం అందులో భాగమే.

ప్రాజెక్టు ఆగిపోయిందనగానే అందరం కోడ్ వంక చూస్తాం. కోడ్‌కేమీ కాలేదండి, నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. మీరు చెప్పినదాంట్లో అసలు సంగతి పుల్ రిక్వెస్టులు వచ్చి పడి ఉండటం. అంటే పని చేద్దామని వచ్చినవాళ్లు ఉన్నారు. వచ్చారు, ఎవరూ పలకలేదు, వెళ్లిపోయారు. "ఇది తీసుకుందాం", "ఇది మనకొద్దు", "ఇది వచ్చే నెల చూద్దాం" అని చెప్పే మనిషి లేకపోవడమే అక్కడున్న జబ్బు. కాబట్టి ముందు ఆ మాట చెప్పే హక్కు మీకు రావాలి. వచ్చాక రోజూ కాకపోయినా వారానికొకసారైనా చెబుతూ ఉండాలి. మిగతావన్నీ దాని తర్వాత.

అంతకంటే ముందు ఒక పని ఉంది. లాప్‌టాప్ మూసేసి ఒక డీటీపీ సెంటర్‌కి వెళ్లి కూర్చోండి. మీకు భీమవరంలోనే బోలెడున్నాయి. నాకు పాలకొల్లులో తెలిసినాయన ఒకరున్నారు. పెళ్లిళ్ల సీజన్‌లో ఆయన పక్కన ఒక పూట కూర్చుంటే ఇష్యూ ట్రాకర్‌లో కనపడనిది కనపడింది. శుభలేఖ మ్యాటర్ పెళ్లివారు వాట్సాప్‌లో పంపిస్తారు. ఫోన్‌లో టైపు చేసింది కాబట్టి అది యూనికోడ్. ఈయన దగ్గరున్నది 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, దాంట్లో అను ఫాంట్లు. ఫోన్‌ని మానిటర్‌కి ఆనించి నిలబెట్టి, చూసుకుంటూ మొత్తం మళ్లీ టైపు చేస్తున్నాడు. మధ్యలో ఫోన్ స్క్రీన్ ఆరిపోతే చిటికెన వేలితో తట్టి మళ్లీ వెలిగిస్తున్నాడు. వరుడి తాతగారి ఇంటిపేరులో ఒక వత్తు తప్పుపడి, కార్డులు అచ్చయ్యాక గొడవైన కథ కూడా చెప్పాడు.

అర్థమైందా అండీ? మీ కన్వర్టర్ పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కి మారుస్తుంది. ఆయనకి కావలసింది తిరగేసినది, యూనికోడ్ నుంచి పాత ఫాంటుకి. పదేళ్ల కిందట మీ సీనియర్లు రాసినప్పుడు అవసరం ఇటువైపు ఉంది, ఇప్పుడు చాలా షాపుల్లో అటువైపుకి తిరిగింది. మొదటి రకం అవసరం పోయిందనడం లేదు. పాత సంచికలు ఫైళ్ల రూపంలో దాచుకున్న చిన్న పత్రికలవాళ్లకి, పుస్తకాలు మళ్లీ వేసే ప్రచురణకర్తలకి, గుడి చరిత్రల పుస్తకాలు నెట్లో పెట్టాలనుకునేవాళ్లకి అది కావాలి. కానీ మీరు ఎవరి కోసం చేస్తున్నారో తేల్చుకోకుండా మొదలుపెడితే ఆర్నెల్ల తర్వాత మీరూ మీ సీనియర్ లాగే అలసిపోతారు. ఐదారు షాపులు తిరగండి. ఎవరికీ అక్కర్లేదని తేలితే అదీ మంచిదే, ఒక ఏడాది మిగిలినట్టు.

ఇక హక్కుల సంగతి. మీ సీనియర్‌కి పెట్టిన మెయిల్ నేను చూడలేదు గానీ, ఇలాంటి మెయిళ్లు మామూలుగా ఎలా ఉంటాయో తెలుసు. "ప్రాజెక్టు చాలా కాలంగా అప్‌డేట్ అవ్వలేదు, మీ ప్రణాళికలు ఏమిటి?" అని ఉంటుంది. ఉద్యోగం, పిల్లలు, వీసా గొడవల మధ్య ఉన్న మనిషికి అది చదవగానే అప్పు తీర్చమని వచ్చిన నోటీసులా అనిపిస్తుంది. తర్వాత చూద్దామని పక్కన పెడతాడు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఆయన ఆలోచించకుండా ఒక్క ముక్కలో జవాబివ్వగలిగేలా రాయండి. ఇలా అనుకోండి (రిపో అంటే గిట్‌హబ్ సైట్‌లో ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు, మెయింటైనర్ అంటే దాన్ని చూసుకునేవాడు, రీడ్‌మీ అంటే దాని పరిచయ పేజీ):

"అన్నా, నేను మీ కాలేజీయే, మీ తర్వాత బ్యాచ్‌లలో చదివాను. మీ కన్వర్టర్‌ని మా ఊళ్లో డీటీపీవాళ్ల కోసం బాగుచేద్దామనుకుంటున్నాను. పైథాన్ 3లో నడిచేలా మార్పులు సిద్ధంగా ఉన్నాయి, లింకు కింద ఉంది. మీరు సమయం పెట్టనక్కర్లేదు. వీటిలో ఏదైనా ఒకటి చేస్తే చాలు: నన్ను మెయింటైనర్‌గా చేర్చడం, లేదా రిపోని ఉమ్మడి ఖాతాకి బదిలీ చేయడం, లేదా పని కొత్తచోట సాగుతోందని రీడ్‌మీలో ఒక లైను రాయడం. మొదట రాసింది మీరని అన్నిచోట్లా ఉంటుంది."

గమనించారా, "సిద్ధంగా ఉన్నాయి" అన్నాం. అంటే మెయిల్ పెట్టేముందు ఎంతో కొంత పని నిజంగా చేసి ఉండాలి. ఖాళీ చేతులతో తాళాలు అడిగితే ఎవరిస్తారు.

మెయిల్‌కి పలక్కపోతే ఆయన బ్యాచ్‌మేట్ల ద్వారా ప్రయత్నించండి. మన జిల్లాల్లో ఇంటిపేరు చెబితే రెండు ఫోన్లలో ఊరు తెలిసిపోతుంది, అది మనకున్న సౌకర్యం. అలాగని వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి "మీ అబ్బాయి రిపో ఇవ్వట్లేదండి" అనకండి. సంక్రాంతికి ఊరొచ్చి కోడిపందేల దగ్గర కనబడితే మాత్రం మొహమాటపడక్కర్లేదు. ఈలోగా ఆ రిపోలోనే ఒక ఇష్యూ తెరిచి, "నేను ఈ పని తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి" అని బహిరంగంగా రాసిపెట్టండి. తర్వాత ఎవరైనా "అడక్కుండా ఎత్తుకుపోయారు" అంటే చూపించడానికి ఉంటుంది.

బదిలీకీ ఫోర్క్‌కీ (అంటే నకలు తీసుకుని విడిగా నడపడానికీ) తేడా తెలిసే ఉంటుంది గానీ చాలామంది తక్కువ అంచనా వేస్తారు. గిట్‌హబ్‌లో ఓనర్ బదిలీ చేస్తే ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు, స్టార్లు అన్నీ వెంట వస్తాయి, పాత లింకు నొక్కినా కొత్తచోటికే వెళుతుంది. ఫోర్క్ చేస్తే కోడ్ ఒక్కటే వస్తుంది. ఇష్యూలు రావు, పైగా ఫోర్క్‌లో ఇష్యూల ట్యాబే మొదట ఆఫ్ చేసి ఉంటుంది. అది ఆన్ చేయడం మర్చిపోయి "ఎవరూ ఏమీ చెప్పట్లేదు" అని బాధపడేవాళ్లని చూశాను. పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐ సైట్‌లో ప్యాకేజీ పేరు వేరే సంగతి. దానికి పెప్ 541 అని ఒక నియమావళి ఉంది. ఓనర్ అందుబాటులో లేకపోవడం, గత పన్నెండు నెలల్లో విడుదల లేకపోవడం, ప్రాజెక్టు పేజీలో ఓనర్ కదలిక లేకపోవడం, ఈ మూడూ ఉంటే వదిలేసినదిగా లెక్క. అప్పుడు పేరు మీకివ్వమని అడగొచ్చు. మీరు సంప్రదించడానికి ప్రయత్నించినట్టు, మీ ఫోర్క్‌లో నిజంగా మెరుగులు ఉన్నట్టు, వేరే పేరుతో పెట్టుకుంటే ఎందుకు కుదరదో చూపించాలి. పైన ఇష్యూ తెరవమన్నది అందుక్కూడా.

ఫోర్క్ అంటే విడిపోవడమనే భయం ఉంటే జీసీసీ కథ గుర్తుంచుకోండి. 1997లో జీసీసీ కంపైలర్‌లోకి మార్పులు వెళ్లడం బాగా నెమ్మదించిందని కొందరు విసిగి, ఈజీసీఎస్ పేరుతో ఫోర్క్ పెట్టారు. బహిరంగంగా పని చేశారు, వేగంగా విడుదలలు చేశారు. అయితే కాపీరైటు కాగితాలు మాత్రం జీసీసీ సొంతదారైన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పేరునే రాయిస్తూ వచ్చారు, తిరిగి కలిసే దారి మూయలేదు. 1999 ఏప్రిల్‌లో ఫౌండేషన్ ఆ ఫోర్క్‌నే అధికారిక జీసీసీగా ఒప్పుకుంది. మీరూ అంతే. పేరు కొంచెం మార్చండి, లైసెన్స్ మార్చకండి, ఫైళ్ల అమరిక మొదటిరోజే తలకిందులు చేయకండి. అన్న ఏదో ఒకరోజు నిద్రలేచి "సరే, కలిపేద్దాం" అంటే కలపడానికి వీలుండాలి.

లైసెన్స్ అంటే గుర్తొచ్చింది. రిపోలో లైసెన్స్ ఫైలు అసలు ఉందా? కాలేజీ ప్రాజెక్టుల్లో చాలాసార్లు ఉండదు. లేకపోతే అది గిట్‌హబ్‌లో అందరికీ కనబడుతున్నా ఓపెన్ సోర్స్ కాదు, రాసినవాళ్లందరి అనుమతీ కావాలి. ఇంకోటి, ఎవరైనా ఉత్సాహం కొద్దీ అసలు ఫాంటు ఫైళ్లు కూడా రిపోలో పెట్టేశారేమో చూడండి. అవి అమ్మకపు ఫాంట్లు, ఉంటే తీసేయాలి. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టిక మీకు చాలు, ఫాంటు అక్కర్లేదు.

ఇప్పుడు రస్ట్. తిరగరాయాలన్న కోరిక అందరికీ వస్తుంది, ఎందుకంటే ఇంకొకరి కోడ్ చదవడం కంటే మనది రాయడం హాయి. 1998లో నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడ్ తెరిచింది. అదే ఏడాది పాతదాన్ని పక్కనపెట్టి కొత్తగా రాద్దామని నిర్ణయించుకుంది. నెట్‌స్కేప్ 5 అనేది రానే లేదు, 6 వచ్చేసరికి 2000 నవంబరు. ఈలోగా జనం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి అలవాటైపోయారు. వాళ్లకి జీతాలిచ్చే కంపెనీ ఉంది కాబట్టి ఆపాటికైనా వచ్చింది. మీరు సాయంత్రాలు చేసే పని.

మన దగ్గర వేసవిలో ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేశాక తూడు కోసి, గుర్రపుడెక్క లాగి, పూడిక తీసి మళ్లీ నీళ్లు వదులుతారు గానీ, పక్కన కొత్త కాలువ తవ్వరు కదా. అదైనా తల దగ్గర తీసి ఊరుకుంటే శివారు చేలకి చుక్క అందదు. మీ శివారు ఆ పాలకొల్లు షాపే. అక్కడి కంప్యూటర్ విండోస్ 7. ఆయన మార్చడు, మారిస్తే పేజ్‌మేకర్ ఏమవుతుందో, ప్రింటర్ డ్రైవర్ ఏమవుతుందోనని భయం. రస్ట్ 1.78 నుంచి, అంటే 2024 మే నుంచి, దాంతో మామూలుగా కట్టిన విండోస్ ప్రోగ్రాములకి కనీసం విండోస్ 10 ఉండాలి. అంటే మీరు కష్టపడి రాసిన కొత్త కన్వర్టర్ ఎవరి కోసమైతే రాశారో వాళ్ల దగ్గరే తెరుచుకోదు. పైథాన్‌లో కూడా విండోస్ 7 మీద నడిచే చివరి వెర్షన్ 3.8. కాబట్టి షాపులకిచ్చే ఈఎక్స్‌ఈ ఫైలు 3.8తో కట్టాల్సిందే. ఆ 3.8కి కూడా 2024 అక్టోబరుతో మద్దతు అయిపోయింది, తెలిసే చేస్తున్నాం. ఇంటర్నెట్ అక్కర్లేని చిన్న టూల్ కాబట్టి నా లెక్కలో ఇది ఒప్పుకోదగ్గ రాజీ.

మీ ప్రాజెక్టు పైథాన్ 2లో ఉందన్నారు. దాని గడువు 2020 జనవరి 1తో ముగిసింది. మొదటి విడుదల లక్ష్యం ఒక్కటే పెట్టుకోండి: పాతది ఏం చేసేదో అదే పని పైథాన్ 3లో చేయాలి. కొత్త ఫీచర్ ఒక్కటి కూడా వద్దు. ఇది చప్పగా అనిపిస్తుంది గానీ ఇందులోనే ఒక పెద్ద గొయ్యి ఉంది, ముందే చెబుతున్నాను.

పాత ఫాంట్లలో ఉన్నది తెలుగు కాదు. కంప్యూటర్ దృష్టిలో అవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, వాటి బొమ్మలు మాత్రం తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు. పైథాన్ 2 వీటిని వట్టి బైట్లుగా చూసేది కాబట్టి పట్టిక సాఫీగా పనిచేసేది. పైథాన్ 3లో ఫైలు తెరిచేటప్పుడు ఏ ఎన్‌కోడింగో, అంటే ఏ బైటు ఏ అక్షరమో తేల్చే పద్ధతి ఏదో, చెప్పాలి. లాటిన్-1 అంటే 128 నుంచి 159 వరకు ఉన్న బైట్లు కనపడని కంట్రోల్ క్యారెక్టర్లు అవుతాయి. విండోస్-1252 అంటే అవే బైట్లు వంకర కొటేషన్లు, డ్యాష్‌లు అవుతాయి, పైగా 129, 141, 143, 144, 157 ఈ ఐదింటికీ అందులో ఏ అక్షరమూ లేదు కాబట్టి పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. వర్డ్ నుంచి కాపీ చేసి అంటించిన మ్యాటర్ ఒక రకంగా వస్తుంది, నేరుగా ఫైలు నుంచి చదివింది ఇంకో రకంగా. రెండిటికీ ఒకే పట్టిక వాడితే సగం వత్తులు ఎగిరిపోతాయి. మీ ఇష్యూల్లో "కొన్ని అక్షరాలు రావట్లేదు" అన్నవాటిలో చాలా వరకు ఇదే అయి ఉంటుందని నా అనుమానం. లోపలికి వచ్చేచోటే రెండు రకాల్నీ ఒకే రూపానికి తెచ్చేసి, ఆ తర్వాతే పట్టిక వాడండి.

రెండోది వరస. చాలా పాత ఫాంట్లలో క్రారవడి హల్లుకి ముందు వస్తుంది, ఎందుకంటే బొమ్మ ఎడమ నుంచి మొదలవుతుంది. యూనికోడ్‌లో అది హల్లు తర్వాత రావాలి. "స్థైర్యం" తీసుకోండి. పాత పద్ధతిలో సకారం, దాని మీద ఎత్వం, కింద థవత్తు, ఆ తర్వాత ఐత్వపు కింది కొస, ఇలా ముక్కలుగా ఉంటుంది. యూనికోడ్‌లో ముందు సకారం, పొల్లు, థకారం, అప్పుడు ఐత్వం. ఆ ఐత్వంలో ఇంకో తిరకాసు. యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వమూ కింది కొసా కలిపి రెండు గుర్తులుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, వెతికితే మాత్రం ఒకటి వెతికినవాడికి రెండోది దొరకదు. మారిన పాఠాన్ని చివర్లో యూనికోడ్ ప్రామాణిక రూపాల్లో ఒకటైన ఎన్‌ఎఫ్‌సీకి తెస్తే రెండూ ఒకటైపోతాయి, పైథాన్‌లో ఒక్క లైను పని. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట కింద వ వత్తు పడకుండా ఆపే కనపడని నాన్-జాయినర్ గుర్తు సంగతీ ఇక్కడే చూసుకోవాలి.

ఆ కోడ్‌లో మీకు అసహ్యంగా కనిపించే 'ఇఫ్'లన్నీ ఇలాంటి మాటల కోసం ఎవరో ఒక రాత్రి కూర్చుని పెట్టినవి. తిరగరాస్తే అవన్నీ మళ్లీ కనిపెట్టాలి. అందుకే ముట్టుకునేముందు పరీక్షలు రాయండి. పాత మ్యాటర్ ఒక వరస, సరైన యూనికోడ్ ఒక వరస, అంతే. ఊళ్ల పేర్లతోనే మొదలుపెట్టొచ్చు. "ద్రాక్షారామం"లో క్రారవడీ క్షా రెండూ ఉన్నాయి, "ముమ్మిడివరం", "ర్యాలి", "అంతర్వేది" ఒక్కోటి ఒక్కో రకం వత్తు. జనం పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న అసలు శుభలేఖలు మాత్రం పరీక్ష ఫైళ్లలో పెట్టకండి.

విడుదల అయ్యేదాకా ఇష్యూలు ముట్టుకోవద్దు. అయ్యాక ఒక ఆదివారం కూర్చుని అన్నీ చదవండి. ఒక్కోదానికి "కొత్త విడుదలలో ఇది సరైందనుకుంటున్నాను, చూసి చెప్పండి" అనో, "ఇది మన పరిధి కాదు, మూసేస్తున్నాను" అనో, "ఉంది, చేయాలి" అనో ఒక మాట. పాతవాటిని వాటంతట అవే మూసేసే బాట్లు పెట్టేవాళ్లున్నారు. నాకు నచ్చవు, మూడేళ్లు ఎదురుచూసినవాడికి చివరికి మర జవాబివ్వడం మర్యాద కాదు. పుల్ రిక్వెస్టుల్లో పనికొచ్చేవాటిని మీరే కాస్త సరిచేసి, కమిట్‌లో మాత్రం వాళ్ల పేరు ఉంచి కలపండి. మర్చిపోయిన పనికి పేరు వచ్చిందని చూసి తిరిగొచ్చినవాళ్లు నాకు తెలుసు.

కాలేజీ పిల్లల గురించి. 2020 అక్టోబరులో జరిగిన హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకి ఇచ్చే టీషర్టు కోసం ప్రపంచమంతా రీడ్‌మీల్లో ఒక్కో విశేషణం చేర్చి పుల్ రిక్వెస్టులు పంపితే, నిర్వాహకులు ఆ నెల మొదటి వారంలోనే నియమాలు మార్చి, ప్రాజెక్టులు తామే ఒప్పుకుంటే తప్ప లెక్కలోకి రావన్నారు. అందులో మన ఇంజినీరింగ్ కాలేజీల వాటా తక్కువేం కాదని అందరికీ తెలుసు. పిల్లల తప్పు అనను, వాళ్లకి చేయదగ్గ పని ఎవరూ చూపించలేదు. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏం చేశారో చూడండి. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది జర్మనీలో పుట్టిన బ్రహ్మాండమైన పాత కోడ్, అందులో వ్యాఖ్యలు బోలెడు జర్మన్‌లోనే ఉన్నాయి. ఆ వ్యాఖ్యల్ని ఇంగ్లిష్‌లోకి మార్చడం, ఎవరూ పిలవని ఫంక్షన్లు ఏరి తీసేయడం, ఇలాంటివన్నీ "ఈజీ హ్యాక్స్" అని జాబితా వేసి కొత్తవాళ్లకిచ్చారు. చిన్న పనే, కానీ నిజమైన పని. పైగా ఆర్నెల్లకొక విడుదల అని తేదీ పెట్టుకుని దానికి కట్టుబడ్డారు. చేసిన పని ఎప్పుడు జనంలోకి వెళుతుందో తెలిస్తే మనిషి నిలబడతాడు. మీరు కూడా ఒక పది పనులు రాసిపెట్టండి, ఒక్కోటి ఒక సాయంత్రంలో అయ్యేలా, ఏ ఫైలులో చూడాలో చెప్పి. పరీక్షల నెలల్లో ఎవరూ రారు, అప్పుడు విడుదల పెట్టుకోకండి.

అయితే పిల్లల కంటే మీకు ఎక్కువ కావలసింది ఆ డీటీపీ ఆపరేటర్. పైథాన్ రాదు, గిట్‌హబ్ అంటే తెలియదు. కానీ ఏ మీట నొక్కితే ఏ ముక్క పడుతుందో, ఏ ఫాంటులో "ఝ" ఎన్ని ముక్కలో ఆయన వేళ్లకి తెలుసు. అది ఏ డాక్యుమెంటేషన్‌లోనూ లేదు. ఆయన చేతికి అందేలా పట్టికల్ని కోడ్‌లోంచి బయటికి తీసి సాదా సీఎస్వీ ఫైళ్లలో పెట్టండి. ఎక్సెల్‌లో తెరిచి, తప్పున్న గడి సరిచేసి, వాట్సాప్‌లో పంపిస్తే మీరు కమిట్ చేయొచ్చు, ఆయన పేరుతోనే. రిపోలో ఇంతకంటే ముఖ్యమైన మార్పు ఇంకోటి ఉండదని నా అభిప్రాయం. వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి, తప్పులేదు, కానీ అక్కడ తేలిన ప్రతి నిర్ణయాన్నీ రెండు లైన్లలో ఇష్యూగా రాయండి. లేకపోతే శుభోదయాల కింద కూరుకుపోతాయి.

కమిట్ హక్కులు ఎవరికివ్వాలన్నది జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం. ఎక్స్‌జెడ్ సంగతి విన్నారు కదా. ఒక్క మనిషి ఏళ్లతరబడి చూసుకున్న కంప్రెషన్ లైబ్రరీ. ఆయన అలసిపోయి ఉన్నప్పుడు "ఇంత నెమ్మదైతే ఎలా, వేరేవాళ్లకి ఇవ్వొచ్చుగా" అని కొత్త ఖాతాల నుంచి ఒత్తిడి వచ్చింది, ఓపిగ్గా సాయం చేస్తున్న ఒకరికి హక్కులు దక్కాయి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే 5.6.0, 5.6.1 విడుదలల్లో ఆ కొత్తమనిషి ఖాతా నుంచి పెట్టిన దొంగదారి బయటపడింది. అందులో ఒక కీలకమైన ముక్క గిట్‌లో (అందరికీ కనపడే కోడ్ చరిత్రలో) లేదు, విడుదల చేసిన మూటలో మాత్రమే ఉంది. మీ కన్వర్టర్ కోసం అంత కష్టపడేవాడు ఉండడనుకోండి, అయినా షాపులో మీ ఈఎక్స్‌ఈ నడిచే కంప్యూటర్‌లోనే ఆయన బ్యాంకు లావాదేవీలూ చేస్తాడు. అందుకని విడుదల ఫైలు ఎవరి లాప్‌టాప్‌లోనూ కట్టకుండా, గిట్‌లో ఉన్న కోడ్ నుంచి గిట్‌హబ్ యంత్రాల మీద నడిచే గిట్‌హబ్ యాక్షన్స్‌లోనే అందరికీ కనపడేలా తయారవ్వాలి. తాళాలు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి, ఇద్దరికీ రెండంచెల లాగిన్ ఉండాలి. రెండోవాళ్లని మీరు ముఖాముఖి కలిసి ఉంటే మంచిది. తణుకు, నరసాపురం, అమలాపురం ఎంత దూరం గనక.

డబ్బు గురించి అడగలేదు, అయినా ఒక ముక్క. సగం ఇంటర్నెట్ భద్రతకి ఆధారపడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీకే 2014లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడే నాటికి ఏడాదికి రెండు వేల డాలర్ల చొప్పున విరాళాలు వచ్చేవి. మనకెవరూ ఇవ్వరు. ఖర్చు లేకుండా నడిచేలా పెట్టుకోండి: డొమైన్ కొనకండి, గిట్‌హబ్ పేజీ చాలు, సర్వర్ వద్దు. మంచి వెబ్‌సైట్ అన్నారు, అది చివరి పని.

రెండు విడుదలల తర్వాత కూడా మీ ఐదారు షాపుల్లో ఒక్కరూ వాడకపోతే నిర్మొహమాటంగా ఆపేయండి. రీడ్‌మీలో ఏది పనిచేస్తుందో, ఏది చేయదో, ప్రత్యామ్నాయం ఏముందో రాసి, రిపోని ఆర్కైవ్ చేస్తే తర్వాత వచ్చేవాడికి మీకు పట్టినంత సమయం పట్టదు.

యూనికోడ్ నుంచి పాత ఫాంటుకి వెళ్లే దారి రెండో విడుదలకి పెట్టుకోండి, పట్టికలు సీఎస్వీలోకి వచ్చేశాక అందులో సగం పని తిరగేయడమే. క్రారవడి, ఐత్వం వరసలు మాత్రం విడిగా రాయాలి. పాలకొల్లు ఆయన్ని అడిగి పరీక్షలకి పనికొచ్చే వంద లైన్లు, పేర్లు తీసేసి, నేను పంపిస్తాను. మీరు ముందు లైసెన్స్ ఫైలు ఉందో లేదో, ఉంటే ఏ లైసెన్సో చూసి చెప్పండి. లేదంటే మిగతా పని కంటే ముందు ఆ పాత బ్యాచ్‌లో కోడ్ రాసినవాళ్లందరి పేర్లూ కమిట్ల చరిత్రలోంచి తీసి, ఎవరెక్కడున్నారో వెతకాలి.